సైమా ఎగ్గొట్టిన ఇంటిదెబ్బ

మీరు సైమా క్విస్పెని ఒక్కసారైనా కలవాలి. ఏడు బావుల కూటమిలో, అంటే మంచులో తవ్వుకున్న మా ఏడు ఊళ్లలో, ఆమె ముఖం తెలియనివాళ్లు లేరు. ఈ ఏడాది ఏ పరిశోధన ముందు, ఏది వెనక అని ఓటు వేయడానికి తెర తెరవగానే పక్కన కనిపించేది ఆమే. బిగించి కట్టిన జుట్టు, నవ్వని నోరు, కింద రెండు ముక్కలు: 'ముఖ్య శాస్త్రవేత్త. పుట్టింది మూడో బావిలో, పని మంచు శబ్దాల మీద.' ఆ ముక్కలు చదివి, ఆ ముఖం చూసి, ఈవిడ కూడా మంచుగడ్డే అనుకుంటారు జనం. నేను పుట్టింది కూడా మూడో బావిలోనే. ఆ ముక్కల్లో అబద్ధమేమీ లేదు గానీ, ఆమె గురించి తెలియాల్సింది మాత్రం ఒక్కటీ లేదు.

ఇప్పటికీ ఊరొస్తే వంటశాలలో నేల మీద చతికిలబడి, పుట్టగొడుగులు కోస్తూ అందరి కబుర్లూ వింటుంది. చారులో ఉప్పు ఎక్కువైందని మొహం మీదే చెబుతుంది. నలుగురూ ఆమెను పెద్ద పదవిలో ఉన్న మనిషిలా చూడరు, కాల్లె కూతురు సైమాలాగే చూస్తారు. ఈ కథ నాకు కొంత ఆమె చెప్పింది, కొంత మా నాయనమ్మ హెల్మి చెప్పింది. ఇద్దరూ ఒకేలా చెప్పారు. అందుకే నమ్మాను.

అప్పుడు సైమాకి ఇరవై ఆరేళ్లు. మంచు పరీక్షల గదిలో చిన్న ఉద్యోగం. తండ్రి కాల్లె ఎప్పుడో పోయాడు. ఇంట్లో తల్లి నైరా, తమ్ముడు రిమాస్. రిమాస్ నడిచేవాడు. అంటే ఊరి తలుపు దాటి, మంచు చీలికల్లో దూరి, ఉప్పురాతి పొరలు ఎక్కడున్నాయో వెతికి వచ్చేవాడు. మాకు పైన మంచు, కింద సముద్రం, మధ్యలో బతుకు. చీలికల్లో రేడియో పని చేయదు. అందుకని నడిచేవాడు వెనకాల ఇనపతీగ పరుచుకుంటూ వెళతాడు. గంటకోసారి ఆ తీగ మీద సుత్తితో మూడు దెబ్బలు కొడతాడు. ఊరి తలుపు దగ్గర తీగకాపరి కూర్చుని ఉంటుంది. ఆమె బదులుగా నాలుగు కొడుతుంది. మూడూ విన్నానని. నాలుగోది ఇంటిదెబ్బ. ఇల్లు ఇక్కడే ఉంది, రా అని.

ఆ నాలుగో దెబ్బ మా వాళ్ల ఒంట్లో కలిసిపోయింది. మూడో బావిలో ఎవరైనా పరధ్యానంగా బల్ల మీద వేళ్లతో మూడుసార్లు తడితే, చుట్టూ ఉన్నవాళ్లంతా తినడం ఆపి నాలుగు తడతారు. పాలు తాగే పిల్లలు కూడా తడతారు. దెబ్బకి బదులు ఇవ్వకుండా ఊరుకోవడం మా దగ్గర తిట్టు కన్నా పెద్ద మాట. ఆకలితో ఉన్నవాడి ముందు తలుపు వేసినట్టు.

మా నాయనమ్మ నలభై ఏళ్లు తీగకాపరి. అప్పటికి ఆమెకి మోకాళ్లు నొప్పులు, అందుకని సగం పూటలు సైమా కూర్చునేది. సైమాకి అందులో స్వార్థం కూడా ఉంది. తీగకి ఒక సూది తగిలించి, తిరిగే కాగితపు చుట్ట మీద మంచు చప్పుళ్లన్నీ గీతలుగా రాబట్టేది. నడిచేవాళ్ల దెబ్బలు కూడా ఆ కాగితం మీద పడేవి. రిమాస్ దెబ్బలైతే కాగితం చూడకుండానే చెప్పేది. చిన్నప్పుడు మణికట్టు విరిగి సరిగ్గా అతుక్కోలేదు వాడికి. మూడో దెబ్బ ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా పడేది.

వాడు వెళ్లే రోజు అక్కాతమ్ముళ్లు ఎప్పటిలాగే కీచులాడుకున్నారట.

"నువ్వు కాపలా అంటేనే నాకు భయమక్కా. నీ గీతలు చూసుకుంటూ నన్ను మర్చిపోతావు."

"మర్చిపోతే అక్కడే పడుండు. ఇంట్లో ఒక రొట్టె మిగులుతుంది."

వాడు నవ్వి, ఆ రొట్టె కూడా జేబులో పెట్టుకుని పోయాడు.

ఆరో గంటలో మంచు కదిలింది. ఊరంతా గిన్నెలు గలగలమన్నాయి. చీలిక మధ్యలో పైకప్పు కూలి, దారి మూసుకుపోయింది. తీగ మీద సైమా నాలుగు కొట్టి చూసింది. మళ్లీ కొట్టింది. మూడు గంటలు ఏమీ లేదు. నైరా వచ్చి తలుపు పక్కన కూర్చుంది, ఏడవకుండా, కొంగు నోట్లో కుక్కుకుని.

మూడు గంటల తర్వాత దెబ్బలు వచ్చాయి. ఒకటి. రెండు. కాస్త ఆగి, మూడు.

ఆ మూడో దెబ్బ ఆలస్యం విని నైరా నేల మీద తల ఆనించి మొక్కింది. సైమా నాలుగు కొట్టింది. ఊరంతా గునపాలు పట్టుకుంది.

మా ఊరి పెద్ద ఓస్వల్దో అప్పుడే లెక్క చెప్పాడు. కూలిన మంచు నలభై మూడు మీటర్లు. రిమాస్ దగ్గర గుడారం ఉంది, అందులో గాలి తొమ్మిది రోజులకి సరిపోతుంది. తొమ్మిది రోజులూ పెద్దవాళ్లంతా వంతులేసుకుని తవ్వారు. గంట గంటకీ మూడు దెబ్బలు వచ్చేవి, సైమానో నాయనమ్మో నాలుగు కొట్టేవారు. తొమ్మిదో రోజుకి ముప్పై ఒక్క మీటర్లు తవ్వారు. అప్పుడు గోడలోంచి నీళ్లు చెమర్చడం మొదలుపెట్టాయి. నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్నాయి. అంటే సముద్రం నీళ్లు, అడుగు నుంచి పైకి ఎక్కుతున్నాయి. ఇంకా పన్నెండు మీటర్లు తవ్వితే ఆ చీలిక నేరుగా ఊరి మీదకి తెరుచుకోవచ్చు. ఓస్వల్దో తవ్వడం ఆపించాడు.

మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. బతికున్న మనిషి కోసమైతే ఊరంతా ప్రాణాలు పణంగా పెడుతుంది. శవం కోసం పెట్టదు. గాలి అయిపోయింది కాబట్టి రిమాస్ పోయినట్టే అని ఓస్వల్దో చెప్పబోయాడు. చెప్పలేకపోయాడు. ఎందుకంటే దెబ్బలు ఆగలేదు.

పదో రోజు వచ్చాయి. పదకొండో రోజు వచ్చాయి. గాలి పొదుపు చేసుకుంటున్నాడేమో అన్నారు. మంచులో ఎక్కడో గాలి బుడగ దొరికిందేమో అన్నారు. మరి తిండి? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నైరా మాత్రం రోజూ వాడి వంతు నాచురొట్టె కాల్చి మూత పెట్టి ఉంచేది.

పన్నెండో రోజు సైమా ఒక పని చేసింది. తన కాగితపు చుట్టలోంచి రిమాస్ దెబ్బలున్న ముక్కలన్నీ కత్తిరించింది. మంచు కూలకముందువి ఐదు ముక్కలు, తర్వాతవి రెండొందలకు పైనే. ముందువి ఐదూ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి అడ్డంగా పట్టుకుంది. గీతలు కలవలేదు. ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా, మూడో దెబ్బ ఆలస్యం కూడా ఒక్కోసారి ఒక్కోలా. మనిషి చెయ్యి కదా. తర్వాతవి పట్టుకుంది. పది ముక్కలు. ఇరవై. యాభై ముక్కలు.

యాభైలోనూ ఒకటే గీత కనిపించింది.

ఆమె మా నాయనమ్మని పిలిచి చూపించింది. నాయనమ్మ కాగితాలు చేతిలోకి తీసుకోలేదు. "ఇది ఎవరికీ చెప్పకు" అని మాత్రం అంది. చలికి బిగుసుకుపోయిన మనిషి అలాగే కొడతాడేమో, మనకేం తెలుసు అని కూడా అందట. అన్న తర్వాత తన మాట తనకే నచ్చలేదు.

సైమా చెప్పింది, "అత్తా, మంచు కూలకముందు వాడు కొట్టిన ఆఖరి మూడు దెబ్బలున్నాయే, ఇవన్నీ అవే. అచ్చంగా అవే. వాడు కొడుతున్నట్టు లేదు. వాడు కొట్టింది ఎవరో విని, గుర్తుపెట్టుకుని, మనకి మళ్లీ వినిపిస్తున్నట్టుంది."

నాయనమ్మ అడిగింది. "ఎవరో అంటే?"

అక్కడ ఎవరూ లేరు. తొంభై ఏళ్లుగా ఉంటున్నాం ఈ మంచు గోళం హెమ్రా మీద. సముద్రంలోకి వందసార్లు పనిముట్లు దించారు. ఉప్పు, చీకటి తప్ప ఏమీ పైకి రాలేదు.

సైమా ఒక పరీక్ష పెడదామంది. ఈసారి మూడు వస్తే బదులు మూడే కొడదాం, ఇంటిదెబ్బ కొట్టొద్దు అంది. రిమాస్ బతికుంటే ఊరుకోడు. ఒకసారి నాయనమ్మ తుమ్మొచ్చి నాలుగో దెబ్బ ఆలస్యం చేస్తేనే, తీగ తెగిపోయేలా దడదడలాడించి, ఇంటికొచ్చాక రెండు రోజులు సాధించాడు వాడు. బతికున్న రిమాస్ తిడతాడు. వట్టి ప్రతిధ్వని అయితే, అవే మూడు మళ్లీ వస్తాయి.

"నలభై ఏళ్లలో నేను ఆ దెబ్బ ఎగ్గొట్టలేదే," అంది నాయనమ్మ. "నా కళ్ల ముందు వద్దు." లేచి గది బయటికి వెళ్లి, గోడ వైపు తిరిగి చెవులు మూసుకుని నిలబడింది.

మూడు వచ్చాయి. సైమా మూడు కొట్టి సుత్తి కింద పెట్టేసింది. ఇంకా చేతిలో ఉంటే చెయ్యి దానంతట అదే లేస్తుందని భయం.

తర్వాతి గంటకి ఏమీ రాలేదు. ఆ తర్వాతి గంటకీ రాలేదు. మంచు కూలిన ఆ మొదటి మూడు గంటల తర్వాత తీగ ఊరుకోవడం ఇదే మొదటిసారి. సూది కాగితం మీద తిన్నగా గీసుకుంటూ పోయింది. సైమా తమ్ముణ్ణి చంపేశాననుకుంది.

మూడో గంటలో వచ్చాయి. ఒకటి, రెండు, కాస్త ఆగి మూడు. అవే, పాతవే. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకొకటి.

ఒక్కటే. మెల్లగా. సూది కాగితం మీద కొంచెం మాత్రమే లేచింది.

మళ్లీ వచ్చింది. మూడు, ఆగి, ఒకటి. ఈసారి ఇంకా మెల్లగా, ఇంకా ఆలస్యంగా. ఆ మూడు దెబ్బలూ అచ్చు పోసినట్టే ఉన్నాయి. నాలుగోది మాత్రం ప్రతిసారీ వేరు. తడబడుతూ ఉంది. తలుపు తట్టడం కొత్తగా నేర్చుకున్నవాళ్లు తట్టినట్టు.

అది ఇంటిదెబ్బ అడుగుతోంది.

ఈలోగా నాయనమ్మ లోపలికి వచ్చేసింది. సైమా ఆపేలోపే సుత్తి తీసుకుని నాలుగు కొట్టేసింది. ఆమెది తప్పు అనకండి, మా ఊళ్లో ఎవరైనా కొట్టేసేవారు. కొట్టగానే అటు నుంచి వచ్చిన చప్పుడు రిమాస్ ఎప్పుడూ చేయనిది. చిన్న చిన్న దెబ్బలు, లెక్కలేనన్ని, పిల్లలు వరండాలో గుంపుగా పరిగెత్తినట్టు. తీగ చేతిలో గజగజలాడింది. కాగితం మీద సూది విరిగింది.

తలుపు దగ్గర కూర్చున్న నైరాకి కూడా అది వినిపించింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"వాడు నవ్వుతున్నాడే," అంది.

ఆ పూటే ఓస్వల్దో అందర్నీ భోజనాల గదిలో కూర్చోబెట్టాడు. ఉప్పునీళ్లు పెరుగుతున్నాయి. ఇక రెండే దారులు. రేపు ఆ పన్నెండు మీటర్లూ తవ్వడం, లేదా మంచినీళ్లు పోసి గడ్డకట్టించి చీలిక మూసేయడం. తవ్వాలంటే అక్కడున్నది బతికున్న మనిషి అయ్యుండాలి. ఆ సంగతి చెప్పగలిగేది ఒక్క సైమానే అని అందరికీ తెలుసు. ఆమె మంచు శబ్దాల మనిషి, వాడి అక్క.

ఓస్వల్దో పాపం చాలా నెమ్మదిగా అడిగాడట. "సైమా, అమ్మా, నువ్వేం చెబితే అదే. అక్కడున్నది నీ తమ్ముడేనా?"

నూట అరవై మంది ఆమె నోటి వైపు చూశారు. అందులో డెబ్బై మంది పిల్లలు. ఆమెకి నూటికి నూరుపాళ్లూ తెలియదు. ఆ మాట నాతో ఒప్పుకుంది. గాలి చాలక మతి చెదిరిన మనిషి ఎలా కొడతాడో ఏ కాగితం చెబుతుంది? ఆ నాలుగో దెబ్బ తడబాటు చూస్తే ప్రాణం ఉన్నది కొట్టినట్టే ఉంది. కానీ ఆ మూడు దెబ్బలు వాడివి కావు. అది మాత్రం ఆమెకి తెలుసు.

"కాదు," అంది.

నైరా లేచింది. అరవలేదు. "ఆ కాగితాలని నువ్వు కన్నావా? వాణ్ణి నేను కన్నాను," అంది. చేతిలో ఉన్న మూత గిన్నె, వాడి రొట్టెతో సహా, సైమా ముందు పెట్టి వెళ్లిపోయింది.

తీగ కోసింది కూడా సైమానే. వేరేవాళ్లకి ఆ పాపం ఎందుకని. రంపం ఆడుతుంటే తీగ వణుకుతూనే ఉందట. మూడు, ఆగి, ఒకటి. తెగిపోయాక ఆగుతుందనుకున్నారు.

ఆగలేదు. చీలికలోకి నీళ్లు పోయడం మొదలుపెట్టిన పూట భోజనాల గదిలో చారు గిన్నెల్లో వలయాలు లేచాయి. దెబ్బలు నేలలోంచి వస్తున్నాయి. తీగతో పని లేకుండా, మంచులోంచి, అడుగుల కింద నుంచి. పెద్ద చప్పుడేమీ లేదు. పాదాలకి తెలిసేంతే. ఒకటి, రెండు, మూడు. తర్వాత ఒకటి.

మా వాళ్ల చేతులు లేచాయి. బదులు ఇవ్వద్దని ఓస్వల్దో ముందే చెప్పాడు. చేతులు వినవు కదా. అందుకని అందరూ అరచేతులు తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువేసి కూర్చున్నారు. పిల్లల చేతులు తల్లులు పట్టుకున్నారు. నూట అరవై మంది, ముందు చల్లారిపోతున్న చారు, ఎవరూ తినరు. మా నాన్న కూడా అందులో ఉన్నాడు. అప్పుడు మా నాయనమ్మ గోళ్లు తన తొడలోకి దిగి రక్తం వచ్చిందని ఆయనే చెప్పాడు. ఆమె చెప్పలేదు.

రెండు రోజులు అలా గడిచింది. చీలిక పూర్తిగా గడ్డకట్టిన పూట దెబ్బలు ఆగిపోయాయి.

నైరా మూడేళ్లు కూతురితో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. కావాల్సినవి పక్కింటివాళ్లతో చెప్పించుకునేది. ఊళ్లో ఎవరూ సైమాని ఏమీ అనలేదు గానీ, ఆమె పక్కన కూర్చోవడానికి కాస్త సంకోచించేవారు. తమ్ముణ్ణి బతికుండగా పూడ్చిందేమో అన్న మాట ఎవరి నోటా రాలేదు. అందరి కళ్లలోనూ ఉండేది.

మూడేళ్లకి నాలుగో బావి వాళ్లు అవతలి పక్క నుంచి, గట్టి మంచులోంచి, కొత్త సొరంగం తీసుకొచ్చి ఆ చీలికలోకి వెళ్లారు. రిమాస్ దొరికాడు. గుడారం విప్పనే లేదు. వాడి తొడుగులో గుండె చప్పుడు నమోదు చేసే పరికరం ఉంటుంది. ఆ లెక్కన వాడి గుండె మంచు కూలిన నాలుగు నిమిషాలకే ఆగిపోయింది. తీగ అటు కొస వాడికి ఎనభై అడుగుల దూరంలో, ఒక నీళ్ల గుంటలోకి వేలాడుతూ ఉంది. మేం మూసేసిన మంచుకి అవతల, జానెడు దూరంలో, నున్నటి పల్లం ఒకటి ఉంది. ఏదో వెచ్చనిది చాలాసేపు ఆనుకుని ఉంటే మంచు కరిగి పడ్డట్టు.

ఊరు ఊపిరి పీల్చుకుంది. సైమా నిజమే చెప్పింది. నూట అరవై మందిని కాపాడింది. ఓస్వల్దో అందరి ముందూ ఆమె చేతులు కళ్లకి అద్దుకున్నాడు. కూటమి నుంచి కబురొచ్చింది, రాజధానికి రమ్మని, పెద్ద పరిశోధనశాల ఇస్తామని. ఆ రోజు వంటశాలలో పండగే.

అందరూ వెళ్లాక నైరా వచ్చి కూతురి పక్కన కూర్చుంది. మూడేళ్ల తర్వాత మొదటి మాట. క్షమాపణ అడుగుతుందనుకుంది సైమా. నైరా కూతురి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని అడిగింది:

"మనోడు కాదు సరే. మరి రెండు రోజులు మన తలుపు దగ్గర కూర్చుని ఇంటిదెబ్బ అడిగింది ఎవరి బిడ్డే?"

ఆ ప్రశ్న గురించి సైమా నాతో ఒక్కటే అంది. ఓస్వల్దో అడిగింది నీ తమ్ముడేనా అని. దానికి ఆమె నిజమే చెప్పింది. అక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగి ఉంటే ఏం చెప్పేదో, ఆ ప్రశ్న ఎవరూ అడగనందుకు తను ఎంత సంతోషించిందో, అది మాత్రం తలుచుకోవడం ఇష్టం లేదంది. చెబుతూ పుట్టగొడుగులు కోస్తూనే ఉంది. ముక్కలు కొంచెం సన్నగా పడ్డాయి, అంతే.

ఆ బల్ల దగ్గర సైమా చోట చాలాసార్లు నన్ను నేను కూర్చోబెట్టుకుని చూశాను. ఒక పక్క డెబ్బై మంది పిల్లలు, పైకి ఎక్కుతున్న ఉప్పునీళ్లు. ఇంకో పక్క పన్నెండు మీటర్ల మంచు అవతల, ఎవరో ఏమిటో తెలియని ఒకటి, మన దగ్గరే నేర్చుకున్న మాటతో లోపలికి రానిమ్మని అడుగుతోంది. మీరైతే ఏం చేసేవారు?